కారుపై నీటి మరకలు

ఇంటి వద్ద కారును కడిగి ఆరనిచ్చిన తరువాత రంగు మీద, అద్దాల మీద, మెరుగు పెట్టిన లోహ భాగాల మీద మిగిలిపోయే తెల్లని చుక్కలను, వలయాలను, చారలను నీటి మరకలు అంటారు. నీరు ఆవిరై పోగా అందులో కరిగి ఉన్న లవణాలు అక్కడే నిలిచిపోవడం వలన ఇవి ఏర్పడతాయి. నలుపు, ముదురు నీలం, ఎరుపు రంగుల కార్ల మీద ఇవి కొట్టవచ్చినట్లు కనబడతాయి. తెల్ల కార్ల మీద ఉన్నా కంటికి అంతగా ఆనవు. కఠిన జలం లభించే ప్రాంతాలన్నిటా ఈ సమస్య ఉంది. ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల జిల్లాకు చెందిన డోన్, బేతంచెర్ల పరిసరాలలో బోరు నీటితో వాహనాలు కడిగేవారందరికీ ఇది అనుభవంలోని విషయమే.

మరకలను సబ్బు లోపంగానో, గుడ్డ లోపంగానో భావించి ఖరీదైన సబ్బులు, పాలిష్‌లు కొనేవారు చాలామంది ఉన్నారు. మరకకు మూలం నీటిలోనే ఉన్నది. కాబట్టి కారు కడగడంలో ముఖ్యంగా చూసుకోవలసినవి రెండు సంగతులు: చివరిసారి పోసే నీరు ఎటువంటిది, ఆ నీరు తనంతట తాను ఆరకముందే తుడిచారా లేదా. మిగిలిన జాగ్రత్తలన్నీ వీటి తరువాతనే వస్తాయి.

మరక ఏర్పడే విధానం

వర్షపు నీరు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కొంత కరిగించుకొని స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. నేలలో ఇంకేటప్పుడు మరికొంత కార్బన్ డై ఆక్సైడ్ దానికి తోడవుతుంది. ఈ నీరు సున్నపురాయి మీదుగా ప్రవహించినపుడు రాతిలోని కాల్షియం కార్బనేట్, కాల్షియం బైకార్బనేట్‌గా మారి నీటిలో కరుగుతుంది. డోలమైట్ రాయి అయితే మెగ్నీషియం కూడా చేరుతుంది. ఇటువంటి నీటినే పాఠ్యపుస్తకాలలో కఠిన జలం అని, వాడుకలో ఉప్పు నీళ్లు అని అంటారు. నాలుకకు ఉప్పగా లేకపోయినా ఉప్పు నీళ్లు అనడం రాయలసీమ వాడుకలో ఉంది.

కారు మీద పడిన నీటిబొట్టులో ఈ చర్య తిరుగుముఖం పడుతుంది. బొట్టులోని కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి పోతుంది, నీరు ఆవిరవుతుంది, కరగని కాల్షియం కార్బనేట్ తెల్లని పొరగా మిగులుతుంది. బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దకు బంధువే ఈ తెల్లని మరక. నంద్యాల జిల్లాలోనే కొలిమిగుండ్ల మండలంలో ఉన్న బెలూం గుహలలో పైకప్పు నుండి వేలాడే సున్నపు స్తంభాలను సందర్శకులు ఆశ్చర్యంగా చూస్తారు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలలో వేల సంవత్సరాలుగా బొట్టు బొట్టుగా జరిగిన రసాయన చర్యకు, కారు బానెట్ మీద పది నిమిషాలలో జరిగే చర్యకు స్వభావంలో భేదం లేదు. గుహలో ప్రధానంగా కార్బన్ డై ఆక్సైడ్ తప్పించుకోవడం వలన సున్నం పేరుకుంటుంది, ఎండలోని కారు మీద దానికి ఆవిరి కావడం తోడై పని త్వరగా ముగుస్తుంది.

మరక చుక్కగా కాక ఉంగరంలా ఏర్పడడానికి వేరే కారణం ఉంది. బొట్టు అంచు పలుచగా ఉండి ముందుగా ఆరుతుంది. ఆరిన చోటును భర్తీ చేయడానికి బొట్టు మధ్య నుండి నీరు అంచుకు ప్రవహిస్తూ, తనతో లవణాలను కూడా మోసుకు పోతుంది. చివరకు అంచున దట్టంగా, మధ్యలో పలుచగా మిగులుతుంది. కాఫీ ఒలికిన చోట అంచు నల్లగా కనిపించడానికీ కారణం ఇదే. 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ ప్రవాహాన్ని వివరించారు.

ఎంత లవణం మిగులుతుందో లెక్క వేసి చూడవచ్చు. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని 15 లీటర్ల బకెట్టు నిండా తీసుకుంటే అందులో 9 గ్రాముల లవణాలు ఉంటాయి. కడగడం పూర్తయ్యాక కారు మీద పావు లీటరు నీరు అంటుకొని ఉన్నదనుకుంటే, అది ఆరితే 150 మిల్లీగ్రాములు మిగులుతుంది. చిటికెడు సుద్దపొడి కంటే ఎక్కువ కాదు. అయితే అది వేలాది చుక్కలుగా విడిపోయి పరుచుకోవడం వలన కారు మొత్తం మాసినట్లు కనబడుతుంది.

డోన్ ప్రాంతపు నేల, నీరు

పూర్వం ద్రోణాచలంగా పేరున్న డోన్, కడప శిలా హరివాణపు పడమటి అంచుకు సమీపంలో ఉంది. పట్టణానికి పడమట ప్రాచీనమైన గ్రానైటు, నైస్ శిలలు, తూర్పున బేతంచెర్ల వైపు డోలమైటు, సున్నపురాయి పొరలు ఉన్నాయి. బేతంచెర్ల నాపరాళ్లు ఇళ్ల నేలలకు, మెట్లకు, అరుగులకు ఎంతో కాలంగా వాడుకలో ఉన్నాయి. ఇవి సున్నపురాతి బండలే. బేతంచెర్ల సమీపాన ఉన్న ఒక ఊరి పేరు సిమెంట్ నగర్ కావడమే అక్కడి నేల స్వభావాన్ని చెబుతుంది. డోన్, బేతంచెర్ల పరిసరాలలో బలపపు రాయి గనులు కూడా ఉన్నాయి. ఒకప్పుడు పలకల మీద రాసిన బలపాలు ఈ జాతి రాయివే.

ఇటువంటి రాళ్ల సందులలో నిలిచిన నీటిని బోరు ద్వారా తోడినపుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు దానితో పాటే వస్తాయి. వానలు తక్కువగా ఉండి, భూగర్భ జలమట్టం పడిపోయిన సంవత్సరాలలో లోతైన బోర్ల నీటిలో లవణాలు పెరగడం సాధారణం. అన్నం వండే గిన్నెల అడుగున తెల్లని పొర, నీళ్లు కాచే హీటరు చుట్ట మీద పెచ్చు, కొళాయి మూతికి పట్టే గట్టి సున్నం, సబ్బు ఎంత రుద్దినా రాని నురగ — ఇవన్నీ కఠిన జలానికి గుర్తులు. ఆ నీటితోనే కారు కడిగితే మరకలు పడకుండా ఉండవు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పరిస్థితి కొంత వేరు. అక్కడ నల్లరేగడి నేలలు, కుందూ నది, కర్నూలు-కడప కాలువ ఉన్నాయి. కాలువ నీరు ఉపరితల జలం కనుక సాధారణంగా బోరు నీటి కంటే మృదువుగా ఉంటుంది. అయితే అందులో ఒండ్రు ఎక్కువ. ఒండ్రు మరక తడిగుడ్డకు పోతుంది, సున్నపు మరక పోదు. ఒకే ఇంట్లో మునిసిపాలిటీ కొళాయి నీరు, బోరు నీరు రెండూ ఉన్నపుడు ఆ రెంటి గుణం ఒకటేనని అనుకోరాదు. రెండింటినీ ఒకే ట్యాంకులో కలిపే ఇళ్లలో ఒక వారం మరకలు పడి, మరొక వారం పడకపోవడానికి కారణం ఇదే.

నీటిని పరీక్షించడం

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం (ఐ.ఎస్. 10500, 2012) ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనపుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చు. ఇది తాగడానికి పెట్టిన హద్దు. కారు రంగుకు సంబంధించినంత వరకు 200 మిల్లీగ్రాముల నీరు కూడా ఆరితే మరక పెడుతుంది.

ఇంటి వద్ద పరీక్షకు పరికరాలు అవసరం లేదు. శుభ్రమైన గాజు పలక లేదా స్టీలు పళ్లెం మీద బోరు నీరు, కొళాయి నీరు, వర్షపు నీరు ఒక్కొక్క చెంచా వేరు వేరుగా పోసి ఎండలో ఉంచాలి. ఆరిన తరువాత ఏ నీరు ఎంత తెలుపును మిగిల్చిందో కంటికే తెలుస్తుంది. విద్యార్థులు తరగతిలో చేయదగిన ప్రయోగం ఇది. ఆ తెల్లని పొర మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నని బుడగలు వచ్చి కరిగిపోయే భాగం కార్బనేట్. కరగకుండా మిగిలిపోయేది సల్ఫేటు లేదా సిలికా కావచ్చు. మరకలను తొలగించేటపుడు ఈ భేదం ఉపయోగపడుతుంది.

అంగళ్లలో దొరికే టి.డి.ఎస్. మీటరు నీటిలో కరిగిన మొత్తం లవణాల అంచనాను మాత్రమే ఇస్తుంది, కాఠిన్యాన్ని ప్రత్యేకంగా చూపదు. అయినా కారు కడిగేవారికి అదే ఎక్కువ పనికి వస్తుంది, ఏ లవణమైనా ఆరితే మిగిలేదే గనుక.

ఏ నీరు వాడవచ్చు

కారు మొత్తాన్ని మంచినీటితో కడగనవసరం లేదు. దుమ్మును కడగడానికి, సబ్బు నురగను పోగొట్టడానికి బోరు నీరు చాలు. చివరిసారి పోసే బకెట్టు మాత్రం మృదు జలం అయి ఉండాలి. ఈ ఒక్క మార్పుతో చాలావరకు సమస్య తీరుతుంది.

వర్షపు నీరు ఇందుకు అన్నిటికంటే శ్రేష్ఠం. ఉమ్మడి కర్నూలు జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. 50 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్ల నీరు వస్తుంది. అందులో కొంత తడికి, ఆవిరికి పోయినా, కారుకు వారానికి ఒక బకెట్టు చొప్పున ఏడాదికి కావలసింది 800 లీటర్ల లోపే. మొదటి వాన మిద్దె మీది దుమ్మును కడుగుతుంది కనుక ఆ నీటిని వదిలేయాలి. కొత్తగా సున్నం కొట్టిన మిద్దె నీరు పనికిరాదు. నిలువ చేసిన నీటికి మూత ఉండాలి, లేకుంటే దోమలు చేరతాయి.

ఎయిర్ కండిషనర్ గొట్టం నుండి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది. ఇది దాదాపు బట్టి పట్టిన నీటితో సమానం. పలుచని గుడ్డతో దుమ్ము వడకట్టి వాడవచ్చు. తాగడానికి పనికిరాదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా మరక పెట్టదు గాని కారు మీద కుమ్మరించేంత చవక కాదు.

ఆర్.ఓ. యంత్రం విషయంలో ఒక పొరపాటు విస్తారంగా ప్రచారంలో ఉంది. యంత్రం బయటకు వదిలే వ్యర్థ జలాన్ని పారబోయకుండా కారు కడగడానికి వాడమని పొదుపు సూచనలలో తరచుగా చెబుతారు. పొదుపు వరకు మంచిదే. అయితే యంత్రం శుద్ధి చేసిన నీటి నుండి తీసివేసిన లవణాలన్నీ ఆ వ్యర్థ జలంలోనే చేరతాయి కనుక అది బోరు నీటి కంటే కూడా ఎక్కువ మరక పెడుతుంది. దానిని చక్రాలు, కాళ్ల పట్టాలు కడగడానికి ఉపయోగించి, పై భాగాలకు తగలనీయకపోవడం మేలు.

నీటిని మెత్తబరిచే సాఫ్టెనర్ యంత్రం కాల్షియం, మెగ్నీషియంలను తీసుకొని వాటి స్థానంలో సోడియంను విడుదల చేస్తుంది. సబ్బు బాగా నురుగుతుంది, గొట్టాలలో పెచ్చు కట్టదు. నీటిలోని మొత్తం లవణాలు మాత్రం తగ్గవు. కాబట్టి మరకలు పడతాయి, కాని సోడియం లవణాలు నీటిలో సులభంగా కరుగుతాయి కనుక తడిగుడ్డతో పోతాయి. పటిక, చిల్లగింజ నీటిలోని బురదను పేర్చి అడుగుకు చేరుస్తాయి. నీరు తేటగా కనబడినంత మాత్రాన కాఠిన్యం పోయినట్లు కాదు. కాచి చల్లార్చితే బైకార్బనేట్ల వలన కలిగే తాత్కాలిక కాఠిన్యం చాలావరకు పోతుంది, సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగే శాశ్వత కాఠిన్యం అలాగే ఉంటుంది.

కడిగే విధానం

మొదటి నియమం వేళకు సంబంధించినది. వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుంది. ఎండలో నిలిపిన ముదురు రంగు కారు రేకు 60 డిగ్రీలను మించి వేడెక్కవచ్చు. దాని మీద పోసిన నీరు తుడిచే వ్యవధి ఇవ్వదు. తెల్లవారు జామున సూర్యోదయానికి ముందు గాని, సాయంత్రం ఎండ తగ్గి రేకు చల్లబడిన తరువాత గాని, నీడలో కడగాలి. అరచేయి బానెట్ మీద ఆనించి హాయిగా ఉంచగలిగితే కడగవచ్చు. వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది గాని పూత, ఆకులు, పక్షుల రెట్ట పడే కాలంలో దాని కింద కడగడం వృథా ప్రయాస.

పొడిగుడ్డతో దుమ్ము దులపరాదు. గనుల మీదుగా, జాతీయ రహదారి మీదుగా వచ్చిన కారు మీద రకరకాల రాతిపొడి ఉంటుంది. బలపపు రాయి పొడి అతి మెత్తనిది, మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 1. సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. దుమ్ములో ఈ మూడూ కలిసి ఉన్నపుడు పొడిగుడ్డతో రుద్దితే ఇసుక రేణువు గీత గీస్తుంది. కారు రంగు పూత మొత్తం మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అందులో పైన ఉండే రంగులేని పూత (క్లియర్ కోట్) 40, 50 మైక్రాన్ల లోపే. గీతలైనా, మరకలైనా పోగొట్టడానికి పాలిష్ పట్టిన ప్రతిసారీ అరిగేది ఆ పూతే.

చక్రాలను మొదట కడగాలి. వాటికి వేరే స్పాంజి, వేరే నీరు ఉండాలి. దూరం నడిచి వచ్చిన బండి బ్రేకులు బాగా వేడిగా ఉంటాయి, వాటి మీద వెంటనే చల్లని నీరు కొట్టరాదు. తరువాత కారు పైకప్పు నుండి కిందికి నీరు పోసి వదులుగా ఉన్న మట్టిని జార్చివేయాలి. ఎంత మట్టి ఈ దశలో పోతే తరువాత అన్ని గీతలు తప్పుతాయి.

సబ్బు నీటికి ఒక బకెట్టు, స్పాంజిని జాడించడానికి మరొక బకెట్టు పెట్టుకోవాలి. ఒకే బకెట్టులో ముంచి రుద్దుతూ పోతే బంపరు మీది ఇసుక బానెట్ మీదికి చేరుతుంది. స్నానపు సబ్బు, బట్టల సబ్బు కఠిన జలంలోని కాల్షియంతో కలిసి తెల్లని తెట్టె కడతాయి, ఆ తెట్టె కూడా మరకే. చాకలి సోడా, గిన్నెలు తోమే ద్రావకం మైనపు పూతను పోగొడతాయి. కార్ల కోసం తయారైన క్షారగుణం లేని షాంపూను డబ్బా మీద చెప్పిన పాలులో కలపడం ఉత్తమం. నురగ ఎక్కువగా వస్తుందని రెట్టింపు పోస్తే కడగడానికి రెట్టింపు నీరు కావాలి.

ఒక్కసారిగా కారు అంతటికీ సబ్బు పట్టించి నిలబెట్టరాదు. పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపులు, చివరగా బంపర్లు, తలుపుల అడుగు భాగాలు — ఈ వరుసలో ఒక్కొక్క భాగానికి సబ్బు పట్టించి, అది ఆరకముందే కడిగి, తరువాతి దానికి పోవాలి. పూర్తయిన భాగాల మీద మధ్య మధ్య నీరు చల్లుతూ తడి ఆరకుండా చూసుకోవాలి. ఇద్దరు మనుషులుంటే ఒకరు కడుగుతుండగా మరొకరు తుడవవచ్చు.

చివరి నీరు పోయడంలో ఒక మెలకువ ఉంది. గొట్టానికి తుంపర మూతి ఉంటే తీసివేసి, సన్నని ఒరవడితో పైకప్పు మీది నుండి నీటిని పలకలాగా జారనివ్వాలి. తుంపర వేల బొట్లను వదులుతుంది. పలకలాగా జారే నీరు తన దారిలోని బొట్లను కూడా కలుపుకొని కిందికి పోతుంది. బకెట్టులోని వర్షపు నీటిని చెంబుతో పోసేవారు కూడా చెంబు అంచును రేకుకు దగ్గరగా ఉంచి మెల్లగా ఒంపాలి.

తుడవడం

తుడవడానికి మైక్రోఫైబర్ తువ్వాలు మంచిది. అది బరువుకు మించిన నీటిని పీలుస్తుంది. పాత నూలు పంచె బాగా ఉతికి మెత్తబడినదైతే పనికి వస్తుంది గాని, కుట్టు, అంచు జరీ, గుండీ ఉన్న బట్టలు వాడరాదు. తువ్వాలును పరచి, అదిమి, లాగడం మంచిది. గుండ్రంగా రుద్దితే సన్నని గీతలు చక్రాలుగా ఏర్పడతాయి. ఒకటి తడిసిపోతే రెండవది తీసుకోవాలి. కింద పడిన గుడ్డను దులిపి మళ్లీ వాడడం కంటే పక్కన పడవేయడం మంచిది.

తుడిచాక కూడా నీరు దాగి ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. పక్క అద్దాల చిప్పలు, తలుపు పిడుల వెనుక, పెట్రోలు మూత, నంబరు పలక, కంపెనీ గుర్తు అక్షరాల సందులు, కిటికీ అద్దాల రబ్బరు అంచులు. ఆరు నిమిషాల తరువాత ఈ చోట్ల నుండి నీరు కారి తుడిచిన తలుపు మీద చార కడుతుంది. తలుపులు, డిక్కీ ఒకసారి తెరిచి అంచులు తుడిచి, కారును వీధి చివరి దాకా నడిపి తెచ్చి, కారిన నీటిని మరల ఒకసారి తుడిస్తే సరిపోతుంది. బ్రేకుల తడి కూడా ఈ ప్రయాణంలో ఆరుతుంది.

మైనపు పూత ఉన్న కారు మీద నీరు ముత్యాలలాగా నిలుస్తుంది. చూడడానికి అందంగా ఉన్నందున మైనం ఉంటే మరకలు పడవని నమ్ముతారు. నిజానికి ముత్యంలాంటి బొట్టులో నీరు ఒకేచోట ఎక్కువగా నిలుస్తుంది కనుక, తుడవకుండా వదిలితే మరక చిన్నదిగా, దట్టంగా పడుతుంది. మైనం వలన లాభం ఏమంటే, మరక రంగును గట్టిగా పట్టుకోదు, తుడవడం సులభమవుతుంది.

పడిన మరకలను తొలగించడం

కొత్త మరకలు మంచినీటిలో తడిపిన గుడ్డతోనే కొంతవరకు పోతాయి. పోనివాటికి వంటింటి వెనిగరు చాలు. ఇందులో సుమారు 4 నుండి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. దానికి సమానంగా వర్షపు నీటిని గాని, శుద్ధి చేసిన నీటిని గాని కలిపి, గుడ్డను తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పరచాలి. కాల్షియం కార్బనేట్ ఆమ్లంతో కలిసి కరిగే కాల్షియం ఎసిటేట్‌గా మారుతుంది. తరువాత రుద్దకుండా తుడిచి, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ఇది నీడలో, చల్లని రేకు మీద, మొదట కనబడని చోట చిన్నగా ప్రయత్నించి చేయవలసిన పని. వెనిగరు పట్టించిన చోట మైనం కొంత పోతుంది కనుక మళ్లీ వేయాలి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇంటి ముంగిలిలో నాపరాళ్లు పరచి ఉంటే వాటి మీద కారును నిలిపి వెనిగరు వాడరాదు. కారు మీది సున్నాన్ని కరిగించే ఆమ్లం, కింద ఉన్న సున్నపురాతిని కూడా కరిగిస్తుంది. మెరుగు పెట్టిన బండ మీద వెనిగరు లేదా నిమ్మరసం పడిన చోట మెరుపు పోయి మచ్చ నిలిచిపోతుంది. ఆ మచ్చ కడిగితే పోయేది కాదు, బండకు మళ్లీ మెరుగు పెట్టవలసిందే.

ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు వాడే అలవాటు కొద్దీ కారుకు కూడా చింతపండు రుద్దేవారున్నారు. అందులోని ఆమ్లం పని చేసినా పీచు, మట్టి రంగును గీస్తాయి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను కారు దరిదాపులకు తీసుకురాకూడదు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, లోహ భాగాలను, అల్యూమినియం చక్రాలను తినివేస్తుంది. ఏ ఆమ్లాన్నయినా బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఇది కారుకు కాక మనిషికి ప్రమాదం.

వెనిగరుకు లొంగని మరకలు రెండు రకాలు. సల్ఫేటు, సిలికా మరకలు ఆమ్లంలో కరగవు, సన్నని పాలిష్‌తో తీయాలి. రెండవ రకం, ఎండలో చాలాకాలం నిలిచిన మరక కింద పైపూత గుంట పడడం. వేలు పెట్టి చూస్తే నునుపుగా ఉండి, వెలుతురులో మాత్రం వలయం కనబడుతుంది. దీనికి యంత్రంతో పాలిష్ పట్టించాలి. మెరుపు లేని మ్యాట్ రంగు వాహనాలకు పాలిష్ పట్టరాదు, పట్టిన చోట మెరుస్తుంది.

ముందు అద్దం

రంగు మీది మరక అందానికి సంబంధించినది. ముందు అద్దం మీది మరక ప్రాణానికి సంబంధించినది. హైదరాబాదు-బెంగుళూరు మధ్య 44వ నంబరు జాతీయ రహదారి డోన్ మీదుగా పోతుంది. రాత్రివేళ ఎదురు వాహనాల దీపాల వెలుగు అద్దం మీది సున్నపు పొరపై పడినపుడు చెదిరి, అద్దమంతా తెల్లగా మెరుస్తుంది. ఆ రెండు మూడు క్షణాలు దారి కనబడదు. పగలు శుభ్రంగానే కనిపించిన అద్దం కూడా ఇలా చేయవచ్చు. అద్దే ఆధారంగా బతికే టాక్సీ, జీపు నడిపేవారు రంగు కంటే ముందు అద్దాన్ని చూసుకోవాలి.

అద్దం కడిగే నీటి తొట్టిలో బోరు నీరు పోయడం ఈ పొరకు ప్రధాన కారణం. వైపర్లు ఆ నీటిని అర్ధచంద్రాకారంగా పూస్తాయి, గాలికి వెంటనే ఆరుతుంది. నీరు చిమ్మే సన్నని రంధ్రాలు కూడా సున్నంతో మూసుకుపోతాయి. తొట్టిలో శుద్ధి చేసిన నీరే పోయాలి. అద్దం మీది పొరను వెనిగరు గుడ్డతో తీయవచ్చు, వైపరు రబ్బరును కూడా అదే గుడ్డతో తుడవాలి. రేడియేటరులో బోరు నీరు పోయడం మరొక పెద్ద తప్పు. అక్కడ సున్నం కంటికి కనబడకుండా లోపల పెచ్చు కడుతుంది.

ఆయుధ పూజ

దసరాకు ఊరిలోని వాహనాలన్నీ ఒకేసారి కడగబడతాయి. పూజలో పసుపు, కుంకుమ, గంధం బొట్లు బానెట్ మీద, అద్దం మీద పెడతారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. పసుపు ఎండకు ఆరితే లేత రంగు కార్లలో పచ్చని డాగు మిగలవచ్చు. భక్తికి లోపం లేకుండా బొట్లను అద్దం మీద పెట్టి, సాయంత్రానికి తడిగుడ్డతో తీసివేస్తే ఇబ్బంది ఉండదు. ఆ రోజున వాహనాలను చెరువులోకి, కాలువలోకి దింపి కడగడం కొన్ని ఊళ్లలో ఉన్నది. నూనె, గ్రీజు నీటిలో కలుస్తాయి కనుక అది మానవలసిన అలవాటు.

నీటి వాడకం

కరవు పేరు వినగానే రాయలసీమ గుర్తుకు వచ్చే దేశంలో కారు కడగడం గురించి ఇంతగా చెప్పడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. అందుకే కొలత తెలియాలి. నిమిషానికి 12 లీటర్లు వదిలే గొట్టాన్ని పది నిమిషాలు తెరిచి ఉంచితే 120 లీటర్లు పోతుంది. రెండు బకెట్ల పద్ధతిలో, చివరి వర్షపు నీటితో కలిపి, చిన్న కారుకు 50, 60 లీటర్లు సరిపోతాయి. 2024 మార్చిలో బెంగుళూరులో నీటి ఎద్దడి తీవ్రమైనపుడు అక్కడి జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది.

నీరు బొత్తిగా లేనపుడు కడగనవసరం లేని షాంపూలు (నో రిన్స్) కొంత ఉపయోగపడతాయి. అర బకెట్టు మంచినీటిలో కలిపి, గుడ్డతో ఒక్కొక్క భాగాన్ని తడిపి వెంటనే తుడవాలి. దుమ్ము పలుచగా ఉన్న కారుకు మాత్రమే ఇది తగినది, మట్టి అట్టకట్టిన బండికి పనికిరాదు.

కడిగిన సబ్బు నీటిని మొక్కలకు, ఇంకుడు గుంతకు మళ్లించరాదు. ఇంకుడు గుంతలోకి పోయిన నూనె, షాంపూ చివరకు ఆ ఇంటి బోరులోకే చేరే అవకాశం ఉంది.

ఇతర చోట్ల

కఠిన జలపు మరక కార్లకు మాత్రమే పరిమితం కాదు. గడివేముల, ఓర్వకల్లు మండలాలలో 1,000 మెగావాట్ల సామర్థ్యంతో నెలకొన్న కర్నూలు సౌర విద్యుత్ పార్కు వంటి చోట్ల పలకల మీద దుమ్ము చేరితే ఉత్పత్తి తగ్గుతుంది. బోరు నీటితో కడిగితే దుమ్ము పోయి దాని స్థానంలో సున్నపు పొర ఏర్పడే ప్రమాదం ఉంది. అందువలన సౌర పలకలను లవణాలు తక్కువగా ఉన్న నీటితో గాని, నీరు లేకుండా కుంచెలతో గాని శుభ్రం చేస్తారు. ఇంటి మిద్దెల మీద సౌర పలకలు పెట్టుకున్నవారు కూడా కారుకు దాచిన వర్షపు నీటినే వాటికి వాడుకోవచ్చు. వేళ విషయంలో కూడా అదే నియమం వర్తిస్తుంది, ఎండలో కాగిన గాజు మీద చల్లని నీరు పోస్తే పగిలే అవకాశం ఉంది.